చూడ్డానికే పెంచిన గడ్డి

"ఈ గడ్డి ఎవురు తింటారు సార్?" అని చిన్నక్క అడిగినప్పుడు భానుప్రకాశ్ గారికి ఏం చెప్పాలో వెంటనే తోచలేదు.

బెంగుళూరు నుంచి లారీలో వచ్చిన గడ్డి అది. చాపల్లా చుట్టలు చుట్టి, తడి గోనెపట్టాలు కప్పి తెచ్చారు. మదనపల్లెలో నిమ్మనపల్లె రోడ్డు పక్కన పూలతోట కాలనీ అప్పుడప్పుడే నిండుతోంది. లేఅవుటు వేసినవాళ్ళు పార్కు కోసమని మధ్యలో వదిలిన స్థలం కొన్నేళ్ళు కంపచెట్లతో, పగిలిన ఇటుకలతో పడి ఉండింది. పట్టుపరిశ్రమ శాఖలో పనిచేసి రిటైరైన భానుప్రకాశ్ గారు కాలనీ సంఘానికి అధ్యక్షుడయ్యాక దానికి కంచె వేయించారు. ఉయ్యాల, జారుడుబల్ల పెట్టించారు. చుట్టూ నడవడానికి కంకర బాట పోయించారు. నడుమ మాత్రం పచ్చటి లాన్ ఉండి తీరాలని పట్టుబట్టారు.

"ఎవరూ తినరమ్మా. ఇది చూసేదానికి," అన్నారు చివరికి.

"ఊరికే సూసేదానికా?"

"ఊరికే చూసేదానికే. దీనిమీద ఎవరూ నడవకూడదు. గొర్రెల్నీ మేకల్నీ లోపలికి రానీకూడదు. అది చూసుకోవడమే నీ పని."

చిన్నక్క తంబళ్లపల్లె పక్క పల్లెలో పుట్టి, ఆ పక్క పల్లెలోనే మెట్టిన మనిషి. వేరుశనగ చేలు, గొర్రెల మంద ఉన్న ఇల్లు. అక్కడ గడ్డి అంటే వాన పడితే నాలుగు నెలలు కనబడి ఆనక మాయమయ్యేది. మొలిచిన ప్రతి పోచకూ ఎక్కడో ఒక నోరు కాచుకుని ఉండేది. బోర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోయాక, తొంభై ఏడులో, ఆమె, భర్త గంగులయ్య మదనపల్లె చేరారు. ఆయనకు టమోటా మార్కెట్లో కాయలు ఏరి గ్రేడు చేయించే పని దొరికింది. కాలనీ వెనక ఒంటిగది ఇల్లు. సొంత చేను ఉన్న ఇంటి కోడలు ఒకరి దగ్గర పనికి కుదరడమేమిటని ఊళ్ళో బంధువులు మూతి తిప్పారు. చిన్నక్కకు అది పట్టలేదు. ఆమె మనసంతా ఈ గడ్డి మీదే ఉంది.

ఆ సాయంత్రం గంగులయ్యకు చెబితే ఆయన కూడా అన్నం కలపడం ఆపి విన్నాడు.

"టౌనోళ్ళు కుక్కల్ని సాకుతారు, చేపల్ని గాజుపెట్టెలో సాకుతారు," అన్నాడు. "గడ్డిని సాకేది మాత్రం ఇప్పుడే వింటాండా."

"అందుకే పోతాండా. దీని సంగతేందో సూడాల," అంది చిన్నక్క.

సంగతి తెలియడానికి చాలా రోజులు పట్టింది. చుట్టలు విప్పి పరిచిన గడ్డి మొదట పసుపుబారి, ఆ తర్వాత వేళ్ళు పట్టి, వానలకు ముందే నున్నగా అల్లుకుంది. పొద్దున్నే ట్యూబు పట్టి నీళ్ళు కొట్టేది. తోపుడు మిషనుతో కత్తిరించేది. కత్తిరించిన గడ్డిని మూటగట్టి పాలామె ఆవుకు పంపేది. సాయంత్రాలు ఉక్కగా ఉన్నప్పుడు గడ్డి మీద అరచెయ్యి పెట్టి చూసుకునేది. చల్లగా తగిలేది. చూడ్డానికే పెంచిన దానిలోనూ ఏదో ఉందని ఆమెకు అప్పుడు అనిపించేది. అదేమిటో మాటల్లో చెప్పమంటే మాత్రం చెప్పలేకపోయేది.

గడ్డి కంటే మనుషులు ఇంకా వింతగా తోచారు. తెల్లవారగానే మగవాళ్ళు వచ్చి బాట మీద గుండ్రంగా తిరుగుతారు. ఎంత నడిచినా బయలుదేరిన చోటికే వస్తారు. హార్డ్‌వేర్ అంగడి ముద్దుకృష్ణ రోజూ అందరికంటే వేగంగా, ఏదో రైలుకు పోతున్నట్టు నడిచేవాడు.

"యాడికి పోవాల సార్ మీరు?" అని ఒకరోజు అడిగేసింది.

"యాడికీ లేదమ్మా. షుగరు ఉండాది," అన్నాడు ఆయన ఆగకుండానే.

షుగరుకూ నడకకూ ఉన్న లంకె ఏమిటో ఆమె తర్వాత వేరేవాళ్ళను అడిగి తెలుసుకుంది. ఆమెకు అది అలవాటు. తెలియనిది కనబడితే అడిగేది. అడగడానికి వీల్లేకపోతే కాచుకుని చూసేది.

అలా కాచుకుని చూసినవాళ్ళలో మాలతి ఒకతె. కాలనీలో పెద్ద మేడ బట్టల అంగడి వాళ్ళది. పెళ్ళై ఆ ఇంటికి వచ్చి రెండేళ్ళు కాలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పార్కు గేటుకు తాళం వేసి సాయంత్రం తీయాలన్నది సంఘం పెట్టిన రూలు. ఆ వేళలోనే, వీధిలో పిట్ట కూడా లేనప్పుడు, మాలతి గేటు దగ్గరికి వచ్చింది.

"అక్కా, కొంచేపు ఉయ్యాల ఊగి పోతాను. తీస్తావా?"

అడిగిన తీరు చూసి చిన్నక్క తాళం తీసింది. తీశాక ఆశ్చర్యపోయింది. ఆ పిల్ల ఉయ్యాల బల్ల మీద కూర్చోలేదు, నిలబడింది. మోకాళ్ళు వంచి, గొలుసులు కిర్రుమనేదాకా, ఉయ్యాల దూలానికి సమానమయ్యేదాకా ఊగింది. ఆ తర్వాత దిగి, కొంగుతో ముఖం తుడుచుకుని, కుచ్చెళ్ళు సర్దుకుని, పేరంటం నుంచి వస్తున్నదానిలా మెల్లగా ఇంటికి నడిచిపోయింది.

మర్నాడూ వచ్చింది. ఆ తర్వాతా వచ్చింది. పల్లెలో ఆడమనిషి ఎండవేళ ఒంటరిగా తిరుగుతుంటే ఏదో బాధ ఉందని అర్థం. చిన్నక్క ఆ బాధ కోసమే ఆమె ముఖంలో వెతికింది. కళ్ళలో తడి లేదు. ఊపిరి మాత్రం ఎగిసిపడుతూ ఉండేది, బుగ్గలు ఎర్రబడి ఉండేవి. కొన్నాళ్ళు ఓర్చుకుని చివరికి అడిగింది.

"ఇంట్లో ఏమన్నా కష్టమా మాలతమ్మా?"

"కష్టమేం లేదక్కా. అందరూ బాగా సూసుకుంటారు. కాళ్ళే ఊరికే ఉండలేకుండాయి."

"కాళ్ళా?"

"మాది పుంగనూరు. ఆడ హైస్కూల్లో ఖోఖో ఆడేదాన్ని. జిల్లా పోటీలకి కూడా పొయ్యినాము. పెండ్లయినాక ఒక్కసారి కూడా పరిగెత్తలేదు. బస్సు పోతాండాదన్నా పరిగెత్తనీరు. ఆటో పిలుస్తారు."

చిన్నక్కకు ఖోఖో అంటే తెలియదు. మాలతి కింద కూర్చుని గులకరాళ్ళు వరసగా పేర్చి చూపించింది. ఒకరు అటు, ఒకరు ఇటు ముఖం పెట్టి గొంతుక్కూర్చోవాలి. తరిమే మనిషి వెనకనుంచి వీపు తట్టి ఖో అనగానే కూర్చున్న మనిషి లేచి పరిగెత్తాలి.

"ఒకరు అట్లా, ఒకరు ఇట్లా యాల కూసోవాల? అందరూ ఒకే పక్క సూసి కూసుంటే ఏమైతాది?"

"రాళ్ళతో చెప్తే తెలీదక్కా. మనుషులుంటే సూపిస్తాను," అంది మాలతి.

మనుషులు ఎలా కూడారో చిన్నక్కకు తర్వాత తలుచుకున్నా వింతగానే ఉండేది. ముందు ఎదురింటి కిరాణా అంగడి కోడలు ప్రసన్నలక్ష్మి వచ్చింది. ఆమె వెంట ఇంకో ఇద్దరు, వాళ్ళ వెంట మరికొందరు. మగవాళ్ళు అంగళ్ళలో, ఆఫీసుల్లో ఉండే వేళ. పెద్దవాళ్ళు కునుకు తీసే వేళ. కంకర బాట మీద ఆడితే అరికాళ్ళు కోసుకుపోయాయి. కంచె పక్కనంతా పల్లేరుకాయలు. మెత్తటి చోటు ఒక్కటే ఉంది.

"గడ్డి మీద వద్దు తల్లీ. నేను కడుపున పెట్టుకుని సాకినాను," అంది చిన్నక్క.

"చెప్పుల్లేకుండా ఆడతాములే అక్కా."

చిన్నక్క గడ్డి వంక, వాళ్ళ వంక మార్చి మార్చి చూసింది. గొర్రెలకు పెట్టొద్దన్నారు, సరే. ఇంత మెత్తటి నేలను ఎదురుగా పెట్టుకుని ఈ పిల్లలు కంకర మీద కాళ్ళు కోసుకోవడం ఆమె మనసుకు సరిపడలేదు. ఆ రోజుకు ఊఁ అంది. ఆ తర్వాత వద్దనలేకపోయింది.

ఆట జోరుగా సాగుతున్న ఒక మధ్యాహ్నం కంచె అవతల గొడుగు కనబడింది. అధ్యక్షుడి భార్య శాంతకుమారి. యాభై దాటిన మనిషి, గట్టిగా మాట్లాడే మనిషి. అందరూ కొయ్యబారిపోయారు. ఆవిడ గేటు తోసుకుని లోపలికి వచ్చి, గొడుగు ముడిచి, అందరినీ ఒకసారి చూశారు.

"మీకెవురికన్నా రూల్సు తెలుసా, లేకుంటే ఊరికే పరిగెత్తుతాండారా?"

ప్రసన్నలక్ష్మి మాలతి వెనక్కి జరిగింది.

"నేను టీచరు ట్రైనింగులో ఆడినాను. ఆ అమ్మాయి వరస దాటింది. అది ఫౌలు," అన్నారు ప్రసన్నలక్ష్మిని చూపించి.

అప్పటినుంచి ఆవిడే అంపైరు. విజిల్ ఊదితే కాలనీ అంతా లేస్తుందని చప్పట్లతోనే నడిపించారు. వరసలో ఒక మనిషి తక్కువైందని ఒకరోజు చిన్నక్కను కూర్చోమన్నారు.

ఆమె కొంగు బిగించి గొంతుక్కూర్చుంది. వెనక అడుగుల చప్పుడు దగ్గరపడింది. వీపు మీద చెయ్యి పడి చెవిలో ఖో అని వినబడింది. లేవాలని తెలుసు, అయినా ఒక క్షణం అలాగే ఉండిపోయింది. తర్వాత లేచింది. ఎదురుగా మాలతి పారిపోతోంది. పల్లెలో గొర్రెపిల్ల మంద తప్పితే వెంటబడిన కాళ్ళే అవి. వరస చివర గుంజగా వాడుకునే దీపస్తంభం దాకా తరిమి, వేలి కొసతో ఆమె కొంగు తాకి, ఆయాసంతో అక్కడే చతికిలబడింది. ఒకరు అటు, ఒకరు ఇటు ఎందుకు కూర్చుంటారో పరిగెత్తినప్పుడే ఆమెకు తెలిసింది. తరిమే మనిషి వరసను దాటకూడదు. పారిపోయేవాళ్ళు అవతలికి దూరితే, అటువైపు ముఖం పెట్టి కూర్చున్న మనిషిని లేపి పంపాలి.

కొన్నాళ్ళకు గడ్డిలో మచ్చలు పడ్డాయి. గుండ్రంగా, ఒకే వరసలో, సమాన దూరంలో. కూర్చున్న చోట మడమలు నొక్కి లేవడంతో గడ్డి ఊడి ఎర్రమన్ను తేలింది. చిన్నక్క చిన్న చిన్న గడ్డిపెళ్ళలు తెచ్చి అతికించింది. అవి ఒక్క ఆటకు కూడా నిలవలేదు.

భానుప్రకాశ్ గారు ఆ మచ్చల ముందు గంటల తరబడి నిలబడేవారు. మొదట చెదలనుకుని మందు చల్లించారు. ఆ తర్వాత వేరుపురుగు అనుకుని తవ్వి చూశారు. పురుగు లేదు. పట్టుపురుగుల రోగాలు కనిపెట్టిన మనిషి, దీన్ని వదల్లేదు.

"ఏ పురుగన్నా ఇంత వరసగా తింటాదా చిన్నక్కా?" అని ఆమెనే అడిగారు.

"నాకూ అదే వింతగా ఉండాది సార్," అంది. అని, ఆ పూటంతా ఆయన ముఖం చూడలేకపోయింది.

ముద్దుకృష్ణకు వేరే ఆలోచన వచ్చింది. ఈ స్థలం ఒకప్పుడు సమాధుల దొడ్డేమోనని, మచ్చలు అందుకే వరసగా ఉన్నాయని నడక మధ్యలో ఎవరితోనో అన్నాడు. వారం తిరక్కముందే ఆ మాట కాలనీ అంతా పాకింది. తల్లులు పిల్లల్ని జారుడుబల్ల దగ్గరికి పంపడం మానేశారు. సాయంత్రం బెంచీలు ఖాళీగా ఉంటున్నాయి. నడిచేవాళ్ళు కూడా లాన్ వైపు చూడకుండా నడుస్తున్నారు. చివరికి సంఘం కూడి, మచ్చలున్న చోట లోతుగా తవ్వించి ఎముకలేమైనా ఉన్నాయేమో చూడాలని, ఉంటే శాంతి చేయించాలని, అప్పటిదాకా పార్కు మూసెయ్యాలని అనుకుంది. కూలీలను మాట్లాడే బాధ్యత ముద్దుకృష్ణది.

ఆ మధ్యాహ్నం ఎవరూ ఆడలేదు. పార్కు మూలనున్న కానుగ చెట్టు కింద అందరూ కూర్చున్నారు.

"చెప్పేస్తాము అమ్మా. పిలకాయలు ఆడుకునేదానికి కూడా రాకుండా ఉండారు," అంది చిన్నక్క.

"మా అత్తకి తెలిస్తే నేను మళ్ళీ గడప దాటలేను," అంది మాలతి.

శాంతకుమారి గారు గొడుగు కొసతో నేల మీద గీతలు గీస్తూ, "ఆయనకి నేనే చెప్తాను. రెండు రోజులు ఆగండి," అన్నారు. రెండు రోజులూ గడిచాయి. ఆవిడ చెప్పలేదు. ఎంత గట్టిగా మాట్లాడే మనిషికైనా కొన్ని మాటలు ఇంట్లో నోరు దాటవని చిన్నక్కకు అప్పుడు తెలిసింది.

మూడో రోజు పొద్దున ముద్దుకృష్ణ గడ్డపారలు తెచ్చి కంచెకు ఆనించి, కూలీలు రేపు వస్తారని చెప్పిపోయాడు. చిన్నక్క నేరుగా భానుప్రకాశ్ గారి ఇంటి మెట్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"సార్, ఈ పొద్దు భోంచేసినాక ఒకతూరి పార్కు దగ్గరికి రాండి. ఆ మచ్చలు ఎట్ల పడతాండాయో సూపిస్తాను."

"నీకు తెలుసా?"

"తెలుసు సార్. నోటితో చెప్తే సగమే తెలుస్తాది. వచ్చి సూడండి."

తర్వాత ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకు కూడా సంగతి చెప్పింది. సార్ వస్తున్నారు, రావాలో వద్దో మీ ఇష్టం అంది. ఎవరూ రారనుకుంది. అందరూ వచ్చారు. మాలతి అందరికంటే ముందు వచ్చింది.

భానుప్రకాశ్ గారు వచ్చేసరికి ఆట మొదలైంది. ఆయన గేటు దగ్గరే నిలబడిపోయారు. ప్రసన్నలక్ష్మి వీపు తట్టింది, ఇంకొకామె లేచి పరిగెత్తింది. లేచిన చోట మడమ కింద మన్ను ఎగిరింది. ఆయన చూపు ఆ మన్ను మీద ఆగింది. అక్కడినుంచి వరస వెంట జరిగి, స్తంభం పక్కన చెయ్యెత్తి ఫౌలు చూపిస్తున్న తన భార్య దగ్గర నిలిచింది. శాంతకుమారి గారు కూడా ఆయన్ను చూశారు. చెయ్యి దించలేదు.

"అది ఫౌలు," అన్నారు ఇంకా గట్టిగా.

ఆయన వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. ఆట ముగిసేదాకా చూశారు. చిన్నక్క ఆయన ముఖాన్నే గమనిస్తూ ఉంది. పని పోతుందని కాదు. ఈయన ఇప్పుడేం అంటాడో, దాన్నిబట్టి రేపు మాలతి మళ్ళీ ఉయ్యాల దగ్గరికైనా రాగలదో లేదో తేలుతుంది.

"ఒకరు అటు తిరిగి, ఒకరు ఇటు తిరిగి ఎందుకు కూర్చుంటారు?" అని అడిగారు భానుప్రకాశ్ గారు.

ఆ ప్రశ్నకు ముందుగా నవ్వింది చిన్నక్కే. తర్వాత అందరూ నవ్వారు. శాంతకుమారి గారు భర్త పక్కన కూర్చుని ఆట మొత్తం వివరించడం మొదలుపెట్టారు. ఆయన మధ్యమధ్య ఇంకా అడుగుతూనే ఉన్నారు. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడకు ఈ ఆట వచ్చునని ఆయనకు తెలియదట. "ఎప్పుడూ చెప్పలేదే," అన్నారు. "మీరు ఎప్పుడూ అడగలేదు," అన్నారు ఆవిడ, నిష్ఠూరం లేకుండానే.

గడ్డపారలు ఆ సాయంత్రమే ముద్దుకృష్ణ అంగడికి తిరిగి వెళ్ళాయి. ఆయన అంత సులువుగా ఒప్పుకోలేదు. సంఘం మీటింగులో, "ఆడోళ్ళు రోడ్డుకి కనపడేటట్ల పరిగెత్తేదేంది?" అన్నాడు. కంచె పక్కన మల్లెతీగలు పాకిస్తామని ఒకరు, వేళ మార్చమని ఒకరు, అసలు వద్దని ఇద్దరు అన్నారు. శాంతకుమారి గారు లేచి, సమాధుల మాట నిజమయ్యుంటే బాగుండేదా అని అడిగారు. దాంతో ఆటను ఉండనిచ్చారు, ముద్దుకృష్ణ కూడా అడ్డు చెప్పడం మానేశాడు. అలాగని ఆయన మారిపోయిందీ లేదు. తర్వాత కూడా నడిచేటప్పుడు ఆ వైపు రాగానే తల తిప్పుకునేవాడు.

అసలు భయం మాలతి అత్తగారు వెంకటరత్నమ్మ గురించి. ఆవిడ ఒకరోజు చెప్పాపెట్టకుండా వచ్చి కానుగ చెట్టు కింద కూర్చున్నారు. ఆవిడ చాలాసేపు చూశారు. కోడలు దీపస్తంభం పట్టుకుని గిర్రున తిరిగి, ఇద్దరి మధ్య నుంచి జారిపోయింది. అప్పుడు ఆవిడ చిన్నక్కను దగ్గరికి పిలిచారు.

"ఆ పిల్లకి చెప్పు, కొంగు నడుముకి గట్టిగా చెక్కుకోమను. కాలికి తగిలితే ముందరికి పడుతుంది."

అంతకుమించి ఏమీ అనలేదు. సంతోషించారో, ఊరుకున్నారో చిన్నక్కకు అంతు పట్టలేదు. ఆవిడ మళ్ళీ ఎప్పుడూ రాలేదు. కోడల్ని ఆపనూ లేదు.

లాన్ సంగతి తేల్చింది మాత్రం కరువు. రెండువేల రెండులో వాన మొహం చాటేసింది. కాలనీ బోరు అడుగంటింది. తాగేనీళ్ళు ట్యాంకరులో వస్తుంటే గడ్డికి పట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు. చిన్నక్క కూరగాయలు కడిగిన నీళ్ళు ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చి కొన్నాళ్ళు పోసింది. అది చాలలేదు. గడ్డి ఒక మూల నుంచి తెల్లబారుతూ వచ్చి, ఎండాకాలం ముగిసేసరికి గోనెపట్టాలా అయిపోయింది. ఆమె కూర్చుని ఏడ్చింది. పల్లెలో చేను ఎండినప్పుడు కూడా అంత ఏడవలేదని గంగులయ్య అన్నాడు.

"చేను ఎండితే ఆకలి భయం, ఏడ్చేదానికి తీరిక యాడుంటాది," అంది ఆమె. "ఇది ఊరికే బాగుండె. అందుకే ఏడుస్తాండా."

వానలు వచ్చాక భానుప్రకాశ్ గారు మళ్ళీ బెంగుళూరు మాట ఎత్తలేదు. సగం స్థలంలో ఎర్రమన్ను పోయించి, రోలరుతో తొక్కించి, ఖోఖో కోసం రెండు కొయ్య స్తంభాలు పాతించారు. మిగతా సగంలో దేశవాళీ గరిక దానంతటదే లేచింది. దాని మీద ఎవరు కూర్చున్నా అడ్డు చెప్పవద్దని చిన్నక్కతో అన్నారు. సాయంత్రాలు ఆడపిల్లలు కూడా ఆటకు రావడం మొదలైంది. మాలతి వాళ్ళకు నేర్పేది. మైదానం తడిపి, గుంటలు పూడ్చి, ముగ్గుపిండితో గీతలు గీయడం చిన్నక్క పని. గీత వంకర పోతే ఆమెకు నిద్రపట్టేది కాదు.

రెండువేల ఆరులో మాలతి భర్త కుప్పంలో కొత్త అంగడి తెరిచాడు. వాళ్ళు అక్కడికి మారారు. కొన్ని నెలలకు గంగులయ్య సెల్‌ఫోనుకు మాలతి ఫోన్ చేసింది.

"అక్కా, ఈడ మా ఇంటి ముందర ఒక ఖాళీ జాగా ఉండాది. ఏమీ చేయకుండా పెట్టుండారు. నువ్వొచ్చి ఒకతూరి సూస్తావా?"

పుంగనూరు, పలమనేరు మీదుగా బస్సులో వెళ్ళింది చిన్నక్క. ఆ దారి ఆమెకు కొత్త. కిటికీ పక్కన కూర్చుని, మామిడి తోటలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నాయో, బోర్డుల మీద అరవం, కన్నడం ఎక్కడినుంచి కనబడుతున్నాయో చూస్తూ పోయింది.

మాలతి చూపించిన జాగాకు కంచె లేదు. ఒక పక్క శాంతిపురం నుంచి తెచ్చి వదిలేసిన గ్రానైట్ బండలున్నాయి, కూర్చోవడానికి పనికొస్తాయి. నేల గట్టిదే. చిన్నక్క చెప్పులు విడిచి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. మధ్యలో ఆగి, వెనక్కి తిరిగి చూసింది. జాగా మొత్తం తూర్పుకు ఏటవాలుగా దిగుతోంది. చదును చేయించాలంటే చాలా మన్ను కావాలి.

"చదును చేసేదాకా ఆడలేము కదక్కా?" అంది మాలతి. ఆమె వెంట ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నలుగురు వచ్చి, ఈవిడ ఏం చేస్తుందా అని చూస్తున్నారు.

"ఆగు," అంది చిన్నక్క. "ఏటవాలు మీద తరిమేవాళ్ళకి సులువా, పారిపోయేవాళ్ళకి సులువా?"

మాలతి ఆలోచించింది. "ఎప్పుడూ ఆడలేదు. తెలీదు."

"నాకూ తెలీదు. సూస్తాం రాండి," అని చిన్నక్క కొంగు నడుముకు చెక్కుకుని, పల్లానికి ముఖం పెట్టి గొంతుక్కూర్చుంది. కాసేపటికి ఒకామె వచ్చి ఆమె పక్కన ఎగువకు ముఖం పెట్టి కూర్చుంది. మిగతావాళ్ళు చెప్పులు విప్పుతున్నారు.